కొత్తల్లుడి మకాం

కోడలు కాపురానికి వస్తూ వస్తూ గుర్రాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ రోజు అత్తగారు వాకిట్లో నిలబడి, లారీలోంచి దిగుతున్న పెట్టెలనీ, వాటి వెనకాల దిగుతున్న నాలుగు కాళ్ళనీ చూసి, కోడలొస్తుందన్నారు గాని అల్లుడు కూడా వస్తాడని నాకెవరూ చెప్పలేదే అంది. ఆ మాటతో గుర్రానికి పేరు పడిపోయింది. తర్వాత జూలు నెరిసింది, వీపు కుంగింది, పళ్ళు పొడుగయ్యాయి. అయినా ఆ ఇంట్లో అతను కొత్తల్లుడే. పనీ పాటూ లేదు, వేళకి తిండి కావాలి, ఏ కాస్త తేడా వచ్చినా మొహం తిప్పుకుంటాడు. ఇంతకంటే అల్లుడికి ఉండాల్సిన లక్షణాలేమిటని అత్తగారి వాదన.

గుర్రం నిజానికి కోడలి నాన్నది. ఆయన పిల్లలకి స్వారీ నేర్పేవాడు. మోకాళ్ళు మొరాయించాక బడి మూసేసి గుర్రాలన్నిటినీ అమ్మేస్తే, ఒక కాలు ఈడ్చే ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ కొనలేదు. చదువుకునే రోజుల్లో కోడలు దాని మెడకి ఆనుకునే పాఠాలు బట్టీ పట్టింది. పరీక్ష తప్పిన రోజు ఆ జూలులోనే మొహం దాచుకుంది. అలాంటి దాన్ని వదిలేసి రావడం ఆమె వల్ల కాలేదు.

ఆమె ఉద్యోగం చెవుల ఆసుపత్రిలో. వచ్చినవాళ్ళని బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపిస్తుంది. వినబడినప్పుడల్లా వాళ్ళు బటన్ నొక్కాలి. రోజంతా దోమ రెక్క చప్పుడంత శబ్దాలతో గడిపి ఇంటికొచ్చే మనిషికి గుమ్మంలోనే అత్తగారి గొంతు ఎదురొచ్చేది. ఆ గొంతుకి సన్నటి కూతలు తెలియవు. కోడలికి లోకంలో కావలసిన సుఖం ఒక్కటే, నిశ్శబ్దం.

పాత ఇంట్లో వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా పెరట్లో గుర్రపు పాక. పొద్దున్నే కోడలు తొట్టిలో దాణా పోసేసరికి అత్తగారు కిటికీ తలుపులు బార్లా తీసి, పొయ్యి మీద పాలు పెట్టి, మొదలెట్టేది.

"లేచారా అల్లుడుగారూ? ఇంత ముద్ద తింటానికి అంత దీర్ఘాలోచన ఎందుకు బాబూ? ఇంట్లో ముగ్గురం గొడ్డు చాకిరీ చేస్తుంటే గొడ్డువి నువ్వు మాత్రం కాలు మీద కాలేసుకుని నిలబడు. అవునులే, నాలుగున్నాయిగా."

పాలు పొంగేదాకా సాగేది. కోడలు ఆ వేళకి చెవుల్లో దూది పెట్టుకునేది. చెవుల సంగతి తెలిసిన మనిషి గనక దూది ఎంత లోపలికి పెట్టాలో బాగా తెలుసు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఏ గొడవొచ్చినా అతను రెండంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టులాగా, తలుపు మూసుకుని కదలకుండా ఉండిపోయేవాడు.

ఇలా ఉండగా ఆసుపత్రివాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ తెరిచి, కోడల్ని పెద్ద హోదాతో అక్కడికి బదిలీ చేశారు. కొత్త ఊళ్ళో దొరికిన ఇల్లు మూడో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీలో బట్టలారేసుకోవడానికే చోటు చాలదు. అల్లుడి సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. ముసలి గుర్రాల్ని ఊరికే తీసుకుపోయే మనిషొకడు ఎక్కడో కొండల అవతల ఉన్నాడట, వాడికిచ్చేయమంది అత్తగారు. తీసుకుపోతాడన్నది అందరికీ తెలుసు. తీసుకుపోయి ఏం చేస్తాడన్నది ఎవరికీ తెలియదు. కోడలు ఆ రాత్రి అన్నం సహించక లేచిపోయింది. మర్నాటి నుంచీ గుర్రాల్ని నెల అద్దెకి ఉంచుకునే శాలల కోసం వెతుకులాట మొదలెట్టింది. అత్తగారు వాటికి గుర్రాల హాస్టలు అని పేరు పెట్టి, ఇంతకీ ఫస్టియరా, సెకండియరా అని అడిగింది.

మొదట చూసిన శాల రైలు గేటు పక్కనే ఉంది. శుభ్రంగా ఉంది, గడ్డి పచ్చగా ఉంది, అద్దె కూడా అందుబాటులోనే ఉంది. అయితే దాన్ని నడిపే ఆవిణ్ణి ఊరంతా మైకు అంటారు. కోడలు గేటు దగ్గరుండగానే ఆవిడ గుర్రాల్నీ, పనివాళ్ళనీ, కారుతున్న కుళాయినీ, కారకుండా మూసిన కుళాయినీ ఏకబిగిన తిడుతోంది. "రా అమ్మాయీ, భయపడకు. నేనెవర్నీ ఏమీ అనను," అని ఆవిడ పలకరించిన తీరుకి కోడలి చెవులు గింగురుమన్నాయి. మళ్ళీ వస్తానని చెప్పి బయటపడింది. అలా అన్నామంటే మళ్ళీ రామనే అర్థం.

రెండోది గొప్పవాళ్ళది. అక్కడి గుర్రాలకి చలికోట్లున్నాయి, శాలలో నిలువుటద్దాలున్నాయి. మేనేజరు అల్లుడి వంశం గురించి, ముత్తాతల గురించి అడిగాడు. కోడలికి తన ముత్తాత పేరే తెలియదు. చివరికి అతను ఎంతో మర్యాదగా, మీవాణ్ణి చేర్చుకుంటే మా గుర్రాల సగటు వయసు పెరిగిపోతుందండీ అన్నాడు.

మూడోది చూడగానే కోడలు మనసు పారేసుకుంది. దాని యజమాని గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. బతుకంతా 'మాట్లాడరాదు' అన్న బోర్డు కింద కూర్చున్నవాడు కావడంతో ఇప్పటికీ గొంతు పెగల్చడు. పనివాళ్ళు గుడ్డ జోళ్ళు తొడుక్కుని తిరుగుతారు. గేటు కీలుకి నూనె, తొట్ల కింద రబ్బరు. కోడలు పాక మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడితే ఆకు రాలిన చప్పుడు వినిపించింది. ముసలితనంలో ఎవరికైనా ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. పెద్దాయన మాత్రం గుసగుసగా ఒక షరతు చెప్పాడు. కొన్నాళ్ళు చూస్తాను, మీ గుర్రం ఇక్కడ కుదురుకుంటే సరే, లేకపోతే తీసుకెళ్ళిపోవాలి అన్నాడు. కుదురుకోకపోవడమేమిటని కోడలు నవ్వుకుంది.

అల్లుడు కుదురుకోలేదు. దాణా ముందు నిలబడేవాడు, మూతి పెట్టేవాడు, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి గోడకేసి చూసేవాడు. మధ్యాహ్నానికి రెండు గడ్డిపరకలు నమిలితే ఎక్కువ. పశువుల డాక్టరొచ్చి పళ్ళు చూసి, కడుపు నొక్కి, అన్నీ బాగున్నాయన్నాడు. డొక్కలు తేలడం మొదలైంది. ఇక్కడి ప్రశాంతత ఇంకా ఒంటబట్టినట్టు లేదని, దగ్గర్లో గడ్డి కోసే యంత్రాన్ని కూడా ఆపించేశాడు పెద్దాయన. అల్లుడు ఉన్న ఆ కాస్తా తినడం మానేశాడు. తన శాలలో గుర్రం పస్తులుండి పోతే చూడలేనని, ఆదివారం నాటికి తీసుకెళ్ళిపొమ్మని పెద్దాయన చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం లేవలేదు.

ఇంకెక్కడికి తీసుకెళ్ళాలి? కొండల అవతలి మనిషి ఫోను నంబరు కొడుకు జేబులో ఉందని కోడలికి తెలుసు. అతను దాన్ని బయటికి తీయలేదు, పారేయనూ లేదు.

ఇంట్లో మరో విడ్డూరం. అత్తగారు కూడా సరిగ్గా తినడం లేదు. కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్దని అటూ ఇటూ దొర్లించి లేచిపోతోంది. పొద్దున్నే వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా ఆకాశం, దూరంగా ఓ వాటర్ ట్యాంకు. ట్యాంకుని ఎంతసేపని తిడతారు ఎవరైనా? ఆ ఇంట్లో ఇప్పుడు పాలు చప్పుడు లేకుండా పొంగుతున్నాయి. కోడలు కొత్త నీళ్ళు పడలేదనుకుంది. చెవిలో దూది పెట్టుకునే పని తప్పినందుకు లోలోపల సంతోషించింది కూడా.

ఆదివారం పొద్దున అల్లుణ్ణి చూడటానికి బయల్దేరుతుంటే అత్తగారు చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. నెలనెలా అంత పోస్తున్న హాస్టలేమిటో నేనూ చూస్తాను పద అంది. దారంతా కోడలు బతిమాలుకుంది, అక్కడ గట్టిగా మాట్లాడకూడదని. నాకేం పని గట్టిగా మాట్లాడటానికి అని అత్తగారు బస్సంతా వినబడేలా అంది.

శాల గుమ్మంలో పెద్దాయన చేతులు జోడించి ఏదో అన్నాడు. ఈయన నోరు కదుపుతున్నాడు గాని మాట రావడం లేదేమే, పాపం పుట్టుకతోనేనా అని అత్తగారు కోడల్ని అడిగింది. ఆ తర్వాత ఆవిడ చూపు అల్లుడి డొక్కల మీద పడింది. అంతే, ఆ పాకలో అంతవరకూ ఎవరూ విననిది వినిపించింది.

"ఏమయ్యా అల్లుడూ, ఏమిటీ వేషం? మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తొట్టి నాకి నాకి చిల్లు పెట్టావు కదా, ఇక్కడికొచ్చి ఉపవాసాలా? ఎవరి మీదయ్యా అలక? ఇంత ముద్ద తింటానికి అంత దీర్ఘాలోచన ఎందుకు బాబూ?"

పాకలో గుర్రాల చెవులన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. ఒక పనివాడి చేతిలో బకెట్ జారింది. అల్లుడి చెవులు మొదట నిక్కాయి, తర్వాత హాయిగా పక్కలకి వాలాయి. అతను తలొంచి తొట్టిలో మూతి పెట్టాడు. కరకరమని నమిలే చప్పుడు మొదలైంది. పెద్దాయన చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, అమ్మా, దయచేసి నిశ్శబ్దం అన్నాడు. అత్తగారు ఆగింది. నమలడమూ ఆగింది. అల్లుడు తలెత్తి ఆవిడకేసి చూశాడు.

"ఆపకండి అత్తయ్యా," అంది కోడలు. పెళ్ళయ్యాక ఆపకండన్న మాట ఆమె నోట రావడం అదే మొదలు. "తిట్టండి. తొట్టి ఖాళీ అయ్యేదాకా తిట్టండి."

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది. ఆపైన ఆవిణ్ణి ఆపగలిగినవాడు లేడు. తొట్టి ఖాళీ అయ్యేసరికి అల్లుడి పాత అలకలూ, ఒకప్పుడు మేసేసిన తన చీర కొంగూ, గ్రంథాలయం పెద్దాయన గుడ్డ జోళ్ళూ అన్నీ తిట్లలోకొచ్చాయి. పెద్దాయన కోడల్ని పక్కకి పిలిచి, మీ గుర్రం బతికినందుకు సంతోషం, కానీ ఈవిడ మళ్ళీ వస్తే మిగతావాటికి ఇదే అలవాటవుతుంది అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు కాస్త పైకి లేచింది.

ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ చెవులు పరీక్ష చేస్తున్న తనకి, దగ్గరున్న రెండు చెవుల సంగతి తెలియలేదే అని కోడలు దారి పొడుగునా సిగ్గుపడింది. ఆ సాయంత్రమే అల్లుణ్ణి రైలు గేటు పక్కకి చేర్చారు. మళ్ళీ వస్తానని నిజంగానే వచ్చావే అంటూ మైకు పగలబడి నవ్వింది. కథంతా విని, తిట్లేగా కావలసింది, దానికేం భాగ్యం, అద్దెలో కలిపి ఇస్తాను అంది. చెప్పినట్టే మర్నాడు పొద్దున్నే ఊరెగిరిపోయేలా తిట్టింది. అల్లుడు ముట్టలేదు.

కబురందుకున్న అత్తగారు ఆగమేఘాల మీద వచ్చి, ఒక మూల నిలబడి మైకు తిట్లని చివరిదాకా శ్రద్ధగా వింది. "గొంతు మంచిదే చెల్లీ," అని ఒప్పుకుంది. "కానీ కుళాయినీ బకెట్టునీ గుర్రాన్నీ ఒకే గాటన కట్టేస్తే ఎవరికి తగులుతుంది? తిట్టే మాట ఎవరిదో వాళ్ళకే అందాలి." ఆ తర్వాత ఒక కుర్చీ లాక్కుని అల్లుడి ఎదురుగా కూర్చుంది.

అప్పటినుంచీ ఆవిడ రోజూ పొద్దున్నే బస్సెక్కుతోంది. ఈ వయసులో నాకీ తిరుగుడు ఖర్మ అని ఇంటి దగ్గర గొణుగుతుంది, పిలవకుండానే చెప్పులేసుకుంటుంది. తిరిగొచ్చి రెండోసారి కూడా వడ్డించుకుంటుంది. కొడుకు జేబులోని కాగితం ముక్క ఉతుకులో ముద్దైపోయింది. ఆ జేబు ఎవరు చూడకుండా ఉతికారో ఎవరూ అడగలేదు.

చలికాలంలో ఒక రోజు అత్తగారి గొంతు పూర్తిగా పోయింది. కోడలు మందిచ్చి, పడుకోమంది. ఆవిడ శాలువా చుట్టుకుని బస్టాపుకి నడిచింది, వెనకాలే కోడలూ. శాలలో ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని, మైకుకేసి చెయ్యి ఊపింది. మైకు గొంతు సవరించుకుని, ఎన్నాళ్ళుగానో వింటున్న పాఠాన్ని అప్పజెప్పింది. లేచారా అల్లుడుగారూ అంది. ఇంత ముద్ద తింటానికి అంత దీర్ఘాలోచన ఎందుకు బాబూ అంది. అల్లుడు మైకుని చూశాడు, కుర్చీలో ఉన్న శాలువాని చూశాడు, కాసేపు ఆలోచించి తొట్టిలో మూతి పెట్టాడు. కానీ మనస్ఫూర్తిగా తినడం లేదని తెలుస్తూనే ఉంది.

అత్తగారు కోడలి కొంగు పట్టి కిందికి లాగింది. ఏదో చెప్పబోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. కోడలు తన చెవిని ఆవిడ పెదాలకి దాదాపు ఆనించింది. రోజంతా సన్నటి కూతలు వినే ఉద్యోగం కావడంతో ఆ మాట ఆమెకి స్పష్టంగానే అందింది.

"'బాబూ' దగ్గర ఇంకాస్త సాగదీయమను."