మూగబోయిన కారులో తొమ్మిది పద్యాలు: దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాదర్‌గుల్ దాకా

మా కారు వయస్సు పదహారేళ్లు. జర్మనీలో పుట్టిన పెద్ద బండి. బాలాపూర్ వైపు భూములున్న నా పూర్వ విద్యార్థి ఒకడు కొత్తది కొనుక్కుంటూ ఎనిమిదేళ్ల కిందట దీన్ని నాకు చవకగా అప్పగించాడు. రేడియో, పాటలు, దారి చూపే పటం, అన్నీ కర్మాగారంలోనే అమర్చిన ఒక్క తెరలో ఉంటాయి. సీడీ పెడితే లోపలి హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుని దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని తిరిగి బయటికి ఇచ్చే మార్గం మాత్రం దానికి లేదు. గత ఆషాఢంలో ఆ తెర నల్లబడింది, పాట ఆగిపోయింది. బండి నడవడానికి ఏ లోపమూ లేదు గనుక ఊరుకోవచ్చు. కాని ఆ డిస్కులో నా మిత్రుడు నరసింహాచార్యులు ఒక అవధానంలో అప్పటికప్పుడు చెప్పిన తొమ్మిది పద్యాలున్నాయి. వాటిని ఎవరూ రాసిపెట్టుకోలేదు. అసలు సీడీ వానాకాలపు బూజుకు పాడైంది. నిరుడు గొంతుకు శస్త్రచికిత్స జరిగాక ఆచార్యులకు మాట లేదు. ఆయన కంఠం ఇక మిగిలింది ఈ కారులోనే.

విన్నవారందరూ కొత్త తెర వేయించమన్నారు. నేను ససేమిరా అన్నాను. పాతదాన్నే బాగుచేయించాలని ఒక గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు, రోజుకు తొమ్మిది వందల లెక్కన ఎప్పుడూ పిలిచే డ్రైవరు యాదయ్యతో గడ్డిఅన్నారం నుంచి బయలుదేరాను. ఇదే పని మీద వెళ్లేవారికి ముందే చెబుతున్నాను: దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల పక్కనున్న కారు సామాన్ల దుకాణాలు పదిన్నరకు గాని తెరుచుకోవు. రెండు గంటలు ఇడ్లీతోను, చాయ్‌తోను గడిపాము.

దుకాణదారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. కారులోకి తొంగిచూసి నవ్వాడు. "మాస్టారూ, ఇది మ్యూజియం సరుకండీ. పీకేసి పది అంగుళాల తెర వేస్తాను, ఇరవై రెండు వేలు. యూట్యూబు వచ్చేస్తుంది. మీ పద్యాలన్నీ అందులోనే ఉంటాయి."

"నాకు కావలసిన పద్యాలు అందులో లేవు."

"ఏదో ఒకటి వినొచ్చు కదండీ!"

"ఏదో ఒకటి వినేవాణ్ణయితే నీ దాకా వచ్చేవాణ్ణి కాదు నాయనా. పాత పెట్టె తీస్తే అందులోని డిస్కు ఏమవుతుంది?"

"అది ఆ పెట్టెతోనే ముడిపడి ఉంటుందండీ, వేరే దాంట్లో చదవదు. తూకానికి వేసేయడమే."

తూకం అన్న మాట నాకు సహించలేదు. లేచి వచ్చేశాను. పాతబడినదల్లా పనికిరానిదని తీర్మానించే అధికారం అమ్ముకునేవారికి ఎవరిచ్చారు? యాదయ్య నా ముఖం చూసి, "పరేషాన్ గాకుండ్రి సార్. ఎల్బీనగర్‌ల పద్మక్క ఉన్నది. ఎనుకట టీవీలు బాగుచేసేది, ఇప్పుడు గిట్లాంటి పెద్ద కార్ల రేడియోలు చూస్తది. జర తిడ్తది గని పని తెలుసు" అన్నాడు.

చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్బీనగర్ చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. సాగర్ రింగురోడ్డు వైపు ఒక సందులో, రేకుల షెడ్డులో పద్మ దుకాణం. నలభై ఐదేళ్లుంటాయి. కళ్లద్దాలు నుదుటికి నెట్టి విషయమంతా విని, కారు వెనుక భాగం తెరిచింది. ఈ బండ్లలో పాటకు, పటానికి సంబంధించిన పెట్టెలన్నీ ఒక కాంతి తీగతో, అంటే ఆప్టికల్ ఫైబరుతో, గుండ్రంగా కలిసి ఉంటాయట. "అందరు గోల్‌గ కూసున్నరనుకోండి పంతులుగారూ. మాట ఒకరి నుంచి ఒకరికి పోవాలె. నడుమ ఒక్కరు నోరు మూసుకుంటె అందరు బందు" అన్నది. ఘనపాఠీల నడుమ పెరిగినవాణ్ణి, నాకింతకంటె వివరణ అక్కరలేదు. ఒక్కొక్క పెట్టెను తప్పించి, తీగను తీగకు కలుపుతూ పోయింది. తీగ కొసన ఎర్రని వెలుగు మిణుకుమన్నది. వెనుక ఎడమవైపున్న యాంప్లిఫయరును తప్పించగానే ముందు తెర మేలుకుంది.

"తెర మంచిగనే ఉన్నది, డిస్కు మంచిగనే ఉన్నది. చచ్చింది గీ డబ్బ." ఆమె ఆ పక్క అర మూత తీసి ఆగిపోయింది. "పంతులుగారూ, గీ చెంబు ఏంది?"

"గోదావరి జలం. ప్రయాణాల్లో సంధ్యావందనానికి ఉంచుకుంటాను."

"ముట్టొద్దక్కా!" యాదయ్య అరిచాడు. "బండి కడిగేటప్పుడు నన్ను గూడ ఆ పక్కకు రానియ్యడు సారు."

నిజమే. మడి కోసం మూడేళ్లుగా ఆ అరను ఎవరినీ తాకనివ్వలేదు. చెంబు మూతికి వేసిన లక్క పగిలి, నీరు చుక్క చుక్కగా కిందనున్న యాంప్లిఫయరులోకి దిగింది. ఎవరూ తాకలేదు గనుక ఎవరూ చూడలేదు. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది మాత్రం జర్మనులను, వానలను, ఆ ఉదయం దుకాణదారును.

"నన్ను తియ్యమంటరా, మీరే తీస్తరా?" పద్మ అడిగింది.

"మీరే తీయండమ్మా."

ఆమె రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. "దేవుని నీళ్లే గని, కరెంటుకు తెల్వది గద సారు."

యాంప్లిఫయరు లోపలి సర్క్యూటు పలక మీది పచ్చని చిలుమును స్పిరిటుతో, పళ్లు తోమే బ్రష్షుతో గీకి, వేడిగాలితో ఆరబెట్టి, చిప్పుల తెగిన కాళ్లను అతికించడానికి రెండున్నర గంటలు పట్టింది. రెండు వేల ఎనిమిది వందలు తీసుకుంది. మీట నొక్కగానే ఆచార్యుల కంఠం షెడ్డంతా నిండింది. యాదయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పద్మ మాత్రం చెవి ఒగ్గి, "డిస్కు గరగరమంటున్నది. రేపటి దాక ఉంటదని నేను జెప్ప" అన్నది.

సాగర్ రహదారిలో గుర్రంగూడ మీదుగా, ఆచార్యులుండే నాదర్‌గుల్‌కు వెంటనే తిరిగాము. పటం పదహారేళ్ల నాటిది. దానికి కొత్త వంతెనలు తెలియవు, కాలనీలు తెలియవు. తెర మీద మా కారు ఖాళీ పచ్చదనంలో ఈదుతుంటే, లోపలి స్త్రీ కంఠం వెనక్కి తిరగమని ఇంగ్లీషులో గద్దిస్తూ వచ్చింది. "మనం చేన్ల పడ్డమనుకుంటున్నట్టుంది సార్ గీమె" అని యాదయ్య నవ్వాడు. "అనుకోనీ. మనం తిరగం" అన్నాను.

నాలుగున్నరకు ఆచార్యులు ఇంట్లోంచి వచ్చి కారులో నా పక్కన కూర్చున్నాడు. అక్కడి విమాన శిక్షణ మైదానం నుంచి లేచిన విమానం ఒకటి పైన దాటిపోయే వరకు ఆగి పద్యాలు పెట్టాను. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ విన్నాడు. ఏడవ పద్యం ముగియగానే చేయెత్తి ఆపించి, జేబులోని చిన్న పుస్తకంలో రాసి చూపించాడు: "ఈ సమస్య ఇచ్చింది నువ్వే. నన్ను ఓడిద్దామని ఇచ్చావు."

"అవును," అన్నాను. "ఓడలేదుగా?"

ఇంకో మాట రాశాడు: "ఇప్పుడు ఇంకొకటి ఇవ్వు. రాసి పూరిస్తాను."

ఇచ్చాను. ఎనిమిదవ పద్యం మొదలయ్యేసరికే రెండు పాదాలు రాసేశాడు.

యంత్రం ముసలిదైతే మార్చమంటారు, గొంతు పోతే మనిషి ఊరుకోవాలంటారు. రెండూ నేను ఒప్పుకోను. ఆ డిస్కు ఏనాటికైనా ఆగుతుంది, మేమూ ఆగుతాము. ఆగేలోగా చేయవలసిన పని చేయకుండా ముందే తూకానికి పోవడానికి మాత్రం మేము సిద్ధంగా లేము. ఆచార్యులు ఇప్పుడు వారానికి రెండు పద్యాలు రాసి పంపుతున్నాడు. వాటికి సరిపడే కఠినమైన సమస్యలు వెదకడం నా వంతు.

చివరగా ఒక సలహా. మీ పాత కారు డిస్కులో వేరెక్కడా లేని ధ్వని ఏదైనా ఉంటే, ఆ సాయంత్రం మేము చేసినట్టే, అది పలికిన రోజునే అద్దాలు ఎక్కించి, ఏసీ ఆపి, రెండు ఫోన్లలో రికార్డు చేసుకోండి. ఫోన్లను స్పీకరుకు మూరెడు దూరంలో, మెత్తని గుడ్డ మీద ఉంచండి.