ఆ గోడ పట్టని ఇటుక

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దయ్యం పట్టాలన్నా మనిషికి కాస్త బుర్ర ఉండాలి. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టిన నా తలలో అది కూర్చోవడానికి ఏముంది?

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఒమన్‌లో మేస్త్రీని. మొన్న ఎండాకాలం బౌషర్‌లో ఒక పాత మట్టి ఇటుకల ఇల్లు బాగుచేసే పని పడింది. మేడ మీది గది నాకూ, మా రూమ్‌లో ఉండే రాజన్నకూ అప్పగించారు. దాని గోడలో సరిగ్గా ఒక్క ఇటుక పట్టేంత కంత ఉంది. ఆ గోడకు ఏసీ పెడతారట, కంత మూసేయాలి. అదైతే నాకు సెలవు. ఊళ్లో నా బిడ్డ పుట్టి ఏడు నెలలు. ఫోన్‌లో తప్ప చూసింది లేదు.

మూసేశాను. మర్నాడు పొద్దున ఇటుక నేల మీద ఉంది. పడిపోలేదు, పడితే మట్టి ఇటుక పగలాలి కదా. ఎవరో తీసి పెట్టినట్టుంది. అంచులకు అడుసు కూడా లేదు, తుడిచినట్టు.

"పెట్టినవా, పెట్టిన అనుకున్నవా?" అన్నాడు రాజన్న.

మళ్లీ పెట్టాను. ఈసారి గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. తెల్లారి మళ్లీ అంతే. ఫోర్‌మన్ హిందీలో తిట్టినవన్నీ రాయను. ఒక్క ఇటుక పెట్టడం రానివాడికి సెలవెందుకన్నది వాటి సారం.

మూడోసారి పెట్టి, మధ్యాహ్నం ఆ గోడకే వీపు ఆనించి అన్నం తిన్నాను. గుమ్మంలో రాజన్న గురక. నీళ్ల సీసా మూత తిప్పుతుంటే మెడ మీద చల్లగాలి తగిలింది. ఒమన్‌లో, ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం! తిరిగి చూస్తే కంత. ఇటుక నా టిఫిన్ డబ్బా పక్కనే ఉంది. చప్పుడు మాత్రం కాలేదు. ఆ తర్వాతి చప్పుడంతా నాదే, చెప్పులు కూడా వదిలేసి మెట్లు దిగాను.

కింద ఇంటి యజమాని, ముసలి ఒమనీ, ఉన్నాడు. నాకొచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో చెప్పాను. నవ్వలేదు, భయపడలేదు. పైకొచ్చి కంతలో చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. కంతను అట్లాగే వదిలెయ్యమన్నాడు. ఏసీ ఇంకో గోడకు పెట్టించాడు. ఎందుకని అడిగితే చాయ్ తెప్పించాడు.

నాకు సెలవు దొరికింది. ఆ ఇటుక తీసిందెవరో మాత్రం ఇవాళ్టికీ అంతుపట్టలేదు.

ఇంటికొచ్చి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని, మా ఆవిడకు ఇదంతా చెప్పాను. చివరిదాకా విన్నది.

"మన బాత్రూం గోడ నువ్వు కట్టినంక రెండుసార్లు కూలింది. గప్పుడు గూడ దయ్యమే ఒచ్చిందా?"