మరియమ్మ తెచ్చిన పుట్టగొడుగులు

పుట్టగొడుగుకు పేరు పెట్టబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్న మొనగాడు ఎవరంటే, అది నేనే. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం మా ఊళ్లో ఎవరూ నవ్వలేదు.

ఎనభైల్లో దర్శి దగ్గర ఒక పల్లెలో సైన్సు మాస్టారుగా చేరాను. బోటనీ చదివాను కాబట్టి చెట్టూ చేమా నన్ను చూసి లేచి నిలబడాలని నా ఉద్దేశం. ఒక శనివారం, నాలుగు రోజుల ముసురు వెలిసిన పొద్దున, మా బడి ఊడ్చే మరియమ్మ కొండవార అడివి నుంచి ఒడినిండా పుట్టగొడుగులు తెచ్చింది. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. తెల్లగా, మల్లెమొగ్గల్లా ఉన్నాయి.

"ఏం చేస్తావు వీటిని?"

"కూరండీ. ముసురుకి మా ఆయనకి చేలో పన్లేదు. ఇంట్లో పిల్లలు కాసుక్కూచున్నారు."

నేను నా ఇంగ్లీషు బోటనీ పుస్తకం తెరిచాను. తినదగిన గొడుగు బొమ్మలో కాడకు ఉంగరంలాంటి పట్టీ ఉంది. వీటికి లేదు.

"ఇవి విషం!"

"మా అమ్మ కాలం నుంచీ తింటన్నామండీ."

"ఇన్నాళ్లూ బతికిపోయారు, మీ అదృష్టం," అని ఒడిలోవన్నీ లాగి బురదలో పారేసి తొక్కాను. ఆమె చీర దులుపుకుని వెళ్లి చీపురు తీసుకుంది.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను! బడి కంచె పక్కన అరచేతంత తెల్ల గొడుగులు కనిపించాయి. కాడకు పట్టీ కూడా ఉంది. అచ్చం బొమ్మే!

"మాస్టారూ, అయ్యి పిచ్చి గొడుగులండీ. గొడ్డు కూడా మూతి పెట్టదు."

"గొడ్డుకి ఇంగ్లీషు రాదు మరియమ్మా!"

ఒంటిపూట బడి కాగానే ఉల్లిపాయలూ కారమూ దట్టించి వేపుడు చేసుకుని, గిన్నె నాకి మరీ తిన్నాను. మూడు గంటలకల్లా పేగులు నోట్లోకి వస్తున్నట్టు వాంతులు. కళ్లు తేలేశాను. బిందెలో నీళ్లు పోయడానికి వచ్చిన మరియమ్మ చూసి కేకలు పెట్టింది. ఆమె భర్త ఏలియా బండి కట్టాడు. దర్శి ఆసుపత్రి దాకా ఆమె నా తల పట్టుకునే కూర్చుంది.

"ఏం తిన్నారు?" అన్నాడు డాక్టరు.

ఆ స్థితిలోనూ లాటిన్ పేరు చెప్పాను.

"అది మంచిదేనే!"

మరియమ్మ నా పొయ్యి దగ్గర ఏరి కొంగున కట్టుకొచ్చిన ముక్క తీసి చూపించింది. "ఇదండీ తిన్నది. పిచ్చి గొడుగు."

"నీకు తెలిసీ చెప్పలేదా?"

"చెప్పానండీ. మాస్టారు పుస్తకం చూపించారు."

డాక్టరు నా వంక చూసిన చూపుకు సెలైను సూది నయమనిపించింది.

రెండో రోజు లేచి కూర్చోగానే మరియమ్మను అడిగాను. "ఆ పూట పిల్లలకేం పెట్టావు?"

"గంజి పోశానండీ," అంది మామూలుగా.

తల దించుకున్నాను. ఆ మంచం మీదే, సెలైను సీసా సాక్షిగా, ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ పుట్టగొడుగుకూ నేను పేరు పెట్టను. తప్పనిసరైతే ముందు మరియమ్మ తినాలి, తర్వాత గొడ్డు తినాలి, ఆ పైన పుస్తకం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నేను తింటాను.