స్కేలక్క తేమ థీసిస్

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి స్కేలక్క అనేవారు. మనిషి సన్నగా, నిటారుగా ఉండటం ఒక కారణం. ఎవరు గీసిన గీతనైనా కళ్లు చికిలించి చూసి, "ఇది రెండు మిల్లీమీటర్లు అబద్ధమాడుతోంది" అనడం రెండో కారణం. పంతొమ్మిదేళ్లుగా ఇతరుల ఇళ్లకు డ్రాయింగులు గీస్తోంది. తెరిస్తే కమోడుకు తగిలే తలుపులు, మెట్లెక్కేవాడి నుదుటికి సరిగ్గా అందే దూలాలు ఎన్నో ఆవిడ కంటపడ్డాయి. చెప్పినప్పుడల్లా పెద్ద ఆర్కిటెక్టుది ఒకటే మాట.

"మీరు గీయండమ్మా. ఆలోచించడానికి మేమున్నాంగా."

వాళ్లున్నారు, నిజమే. దూలాలూ ఉన్నాయి.

అందుకని ముప్పై ఎనిమిదో ఏట ఆర్కిటెక్చరల్ టెక్నాలజీ డిగ్రీకి సాయంత్రం క్లాసుల్లో చేరింది. ఆ డిగ్రీ ఉంటే డిజైను మీటింగులో ఆవిడకో కుర్చీ ఉంటుంది. అందులో కూర్చుని "ఇది పనికిరాదు" అంటే ఎదుటివాళ్లు వినక తప్పదు. అయితే కోర్సు ఆరేళ్లలో ముగించాలి. అయిదున్నర అయిపోయాయి. పరీక్షలన్నీ గట్టెక్కినా థీసిస్ మిగిలింది. గడువులోగా అది ఇవ్వకపోతే పాసైన పేపర్లన్నీ గాలికి పోతాయి.

మొదట గైడు దగ్గరికి 'సుస్థిర భవనాలు: ఒక సమగ్ర పరిశీలన' అనే పేరుతో వెళ్లింది.

"ఎన్ని భవనాలు?" అన్నాడాయన.

"అన్నీనండి."

"అన్నీ వద్దమ్మా. ఒక్క గోడ పట్టుకోండి. దాన్ని వదలకండి."

గోడకేం కొదవ? ఆవిడ ఉండే నాలుగంతస్తుల బిల్డింగులో ఎనిమిది ఫ్లాట్లకూ ఉత్తరం వైపు పడగ్గది గోడ నల్లగా బూజు పట్టి ఉంది. వాన నీళ్లు బయటినుంచి దిగుతున్నాయని కాపురమున్నవాళ్లు ఏడేళ్లుగా పోట్లాడుతున్నారు. "లోపల బట్టలారేసుకుని వానని తిడతారేంటండీ!" అని సెక్రటరీ ఏడేళ్లుగా తిప్పికొడుతున్నాడు. ఇద్దరి దగ్గరా గొంతు తప్ప ఇంకో ఆధారం లేదు. స్కేలక్క కొలిచి చూద్దామనుకుంది. కాలేజీ ల్యాబులో అరచేయంత పెట్టెలున్నాయి. పది నిమిషాలకోసారి గదిలో వేడినీ, గాలిలో తేమనీ వాటంతటవే రాసుకుంటాయి. ల్యాబు ఇన్‌చార్జి ఎనిమిదింటినీ కన్నబిడ్డల్ని హాస్టల్లో దింపుతున్నట్టు అప్పగించాడు.

పగలంతా ఆఫీసు కాబట్టి పెట్టెలు తగిలించే పని భర్తకు ఒప్పజెప్పింది. ఆయన టైలరు. ఇంట్లోనే, ముందుగదిలో షాపు. మంచి మనిషి, పనిమంతుడు, దుమ్మంటే మాత్రం జన్మవైరం. ఫ్రిజ్‌కు కవరు, టీవీకి కవరు, రిమోటుకు కవరు, మిగిలిన కవర్లు దాచే పెట్టెకు కూడా కవరు.

"గోడకి జానెడు దూరంలో, మంచం కంటే ఎత్తులో, ఎవరి చెయ్యీ తగలకుండా కట్టండి," అని చెప్పింది.

చెప్పింది చెప్పినట్టే కట్టాడు. ఆరు వారాల తర్వాత తనే వెళ్లి విప్పుకొచ్చి, ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

స్కేలక్క కంప్యూటర్లో గ్రాఫులు తెరిచి, కళ్లు చికిలించి చూసింది. అరవై రెండు శాతం దగ్గర మొదలైన తేమ గీత ఆరు వారాలూ అక్కడక్కడే పడుకుంది. ఆ మధ్య రెండు తుఫాను వానలు కురిశాయి. ఎనిమిదిళ్ల వాళ్లూ రోజూ వండుకున్నారు, స్నానాలు చేశారు. గీతకు ఇవేవీ పట్టలేదు. ఒక్క మూడో ఫ్లాటులో మాత్రం కొండలూ లోయలూ కనబడ్డాయి. ఆవిడ తిన్నగా ల్యాబుకు వెళ్లింది.

"మీ పెట్టెలు చచ్చిపోయాయండీ."

"మా పెట్టెలు నిక్షేపంగా ఉన్నాయమ్మా. ఆ ఇళ్లలో మనుషులున్నారో లేదో చూసుకోండి," అన్నాడు ఇన్‌చార్జి.

మూడో ఫ్లాటులో రిటైరైన బస్సు కండక్టరు ఉంటాడు. అక్కడికెళ్లింది.

"బాబాయ్, అందరి పెట్టెలూ మొరాయించాయి. మీదొక్కటే పనిచేసింది. ఏం చేశారు దాన్ని?"

"నేనేం చెయ్యలేదమ్మా. లోపల లైటు మినుకుమినుకుమంటుంటే సరిగ్గా చూద్దామని కవరు పీకేశా. మీ ఆయనకి చెప్పకు, నొచ్చుకుంటాడు."

"ఏ కవరు?"

ఆయన సొరుగులోంచి తీసి చూపించాడు. దళసరి పారదర్శకపు ప్లాస్టిక్కు, అంచులకు రెండు వరసల కుట్టు, పైన ప్రెస్ బటను. "కళ్లద్దాలు పెట్టుకుంటున్నానమ్మా. భలేగా సరిపోయింది."

స్కేలక్క ఒక అంతస్తు మెట్లెక్కి ఇంటికొచ్చేసరికి భర్త కాలరు తిరగేస్తున్నాడు.

"పెట్టెలకి కవర్లు కుట్టారా?"

"ఇప్పుడు చూశావా!" అన్నాడు సంతోషంగా. "ఆరు వారాలూ మన పడగ్గదిలోనే ఉంది, ఇన్ని కవర్ల మధ్య నీ కంటపడలేదు. కాలేజీవాళ్ల వస్తువు, దుమ్ము పడితే నీకే మాటొస్తుందని ఎనిమిదీ కుట్టా, తిరిగిచ్చేటప్పుడు తీసేశా. మూలలు చూశావా ఎలా తిప్పానో?"

"గాలి తగిలితే కదండీ అది తేమ కొలిచేది!"

"లోపలున్నది కనబడేట్టే కుట్టానుగా?"

"అది కళ్లతో కొలవదండీ!"

ఆయన కత్తెర కింద పెట్టేశాడు. ఆ పూట ఇద్దరూ ఎవరి కంచం వైపు వాళ్లు చూస్తూ భోంచేశారు.

గడువు మూడు వారాలుంది. సాయంత్రం క్లాసులో పక్కన కూర్చునే ఒక కాంట్రాక్టరు మేనల్లుడు దారి చూపించాడు. "ఒకింటివి నిజమైనవి వచ్చాయిగా అక్కా. వాటికి కొంచెం కలిపి, కొంచెం తీసి ఏడిళ్లకీ పంచెయ్. గోడొచ్చి సాక్ష్యం చెబుతుందా?"

ఆవిడ దేవతేమీ కాదు. ఆదివారం పొద్దున్నే తలుపేసుకుని మొదలుపెట్టింది. మొదటి ఫ్లాటులో ఒంటరిగా ఉండే హెడ్మిస్ట్రెస్. తేమ పెరగాలంటే ఆవిడ స్నానం చెయ్యాలి. ఆరున్నరకు చేయించింది. వేడినీళ్లా, చన్నీళ్లా? తలస్నానం వారానికి ఎన్నిసార్లు? తువ్వాలు ఎక్కడ ఆరేస్తుంది? పదకొండయ్యేసరికి అంత పెద్దావిడకు తను లెక్కలేసి నీళ్లు పోస్తున్నానని గ్రహించి, గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుపడింది. అయినా మానలేదు, ఇంకో రెండిళ్లకు స్నానాలు చేయించింది. ఆ కాగితపు ఇళ్లలో గోడలు ఆవిడ అడిగిన టైముకు తడిశాయి, చెప్పిన టైముకు ఆరాయి. ఎక్కడా ఎవరూ ఎదురు చెప్పలేదు. పెద్ద ఆర్కిటెక్టు గీసే ఇళ్లు కూడా ఇంత బుద్ధిగానే ఉంటాయి. ఆ మాట తట్టగానే మొత్తం చెరిపేసి, సోమవారం వెళ్లి గైడుకు జరిగిందంతా చెప్పింది.

ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత క్యాలెండరు చూశాడు. "రాయడానికి నాలుగు రోజులు తీసేస్తే పదిహేడున్నాయి. చాలవనుకోండి. కానీ నిజమైన రోజులు. కవర్ల సంగతి దాచకుండా ఒక అధ్యాయం రాయండి."

ఈసారి పెట్టెలు తనే కట్టింది. భర్త వెనకాలే స్టూలు మోసుకుంటూ తిరిగాడు, సూది మాత్రం తేలేదు. అదృష్టం కొద్దీ ఆ పదిహేడు రోజుల్లో రెండు రోజులు కుండపోత కురిసింది. గోడలు వానను పట్టించుకోలేదు. స్నానం చేసినప్పుడల్లా, గిన్నె పొయ్యెక్కినప్పుడల్లా, బట్టలు లోపల ఆరేసినప్పుడల్లా తడిశాయి. గదిలో ఆవిరి పోవడానికున్న వెంటిలేటర్లకు అందరూ అట్టముక్కలు అడ్డుపెట్టుకున్నారు మరి.

"ఇంతకీ తప్పెవరిదట?" అని హెడ్మిస్ట్రెస్ అడిగింది.

"మనదేనండి."

"ఆరేళ్లు చదివి చెప్పేది ఇదా?"

సెక్రటరీ మాత్రం ఆ రోజు ఏ పనీ లేకుండా మూడుసార్లు మెట్లెక్కి దిగాడు, నవ్వుకుంటూ.

థీసిస్ ఇచ్చాక వైవాకు బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షకురాలు వచ్చింది. పేజీలు నెమ్మదిగా తిప్పి ఆరో ఫ్లాటు గ్రాఫు దగ్గర ఆగింది.

"రోజూ తొమ్మిదికి లేచి ఒంటిగంటకి దిగుతోందే, ఏమిటీ కొండ?"

"మా ఆయనండి," అంది స్కేలక్క.

గైడు దగ్గాడు.

"టైలరండి. ముందుగదిలో చోటు లేక ఆవిరి ఇస్త్రీపెట్టె మా పడగ్గదిలోనే వాడతారు. ఆదివారాలు సెలవు. చూడండి, ఆదివారం గోడ ఆరిపోయింది."

"బాగుంది. మొత్తం థీసిస్‌లో గట్టి ఆధారం ఇదే. ఈ కొలతలకి ఒప్పుకుంటున్నట్టు ఆయన అంగీకార పత్రం ఏదీ?"

స్కేలక్క ఫైలు తిరగేసింది. మిగతా ఏడిళ్లవీ ఉన్నాయి. "ఇంట్లో మనిషే కదా అని..."

"ఇంట్లోవాళ్లూ మనుషులేనమ్మా. ఆయన ఒప్పుకోకపోతే ఈ ఫ్లాటు తీసెయ్యాలి. తీసేస్తే మీ వాదనకి కాళ్లుండవు. నేను పాస్ చెయ్యలేను."

భర్త బయట వరండాలో స్కేలక్క సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపలికి పిలిచి నాలుగు పేజీల పత్రం చేతికిచ్చారు. కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. రెండో పేజీలో ఆగాడు.

"'గృహవృత్తి వల్ల వెలువడే అధిక ఆవిరి' అంటే నేనేనా?"

"మీరేనండి," అంది స్కేలక్క.

"ఇది అందరూ చదువుతారా?"

"లైబ్రరీలో పెడతారండి. ఎవరూ చదవరు," అంది పరీక్షకురాలు, ధైర్యం చెబుతూ.

"ఎవరూ చదవనిదానికి మా ఆవిడ ఆరేళ్లు ఎందుకండీ కష్టపడింది?"

ఆయన మళ్లీ చదువులో పడి నాలుగో పేజీ చివర తలెత్తాడు.

"'కారణం చెప్పకుండా ఎప్పుడైనా తప్పుకోవచ్చు' అని రాశారు. ఎప్పటిదాకానండీ?"

"థీసిస్ ఇచ్చేదాకా."

"ఇచ్చేసిందిగా?"

"ఇచ్చేసింది."

"అయితే ఇక తప్పుకునేదేముంది, పెన్నివ్వండి."

పరీక్షకురాలు తన పెన్నే ఇచ్చింది. ఆయన సంతకం చేసి, తేదీ వేసి, పత్రాన్ని తిప్పి ఆవిడ వైపుకు జరిపాడు. ఆవిడ దాన్ని ఫైల్లో పెట్టి, "పాసమ్మా. ఆరో ఫ్లాటు ఉంచండి," అంది.

వరండాలోకి వచ్చాక ఆయన అడిగాడు. "మరి నా ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టమంటావు?"

"బాల్కనీలో, నీడ పట్టున. ఎనభై ఆరో పేజీలో బొమ్మ కూడా గీశాను."

"కొలతలు వేశావా?"

"వేశాను."

"సరే అయితే. రేపే బల్ల జరుపుదాం," అంటూ ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నాడు.