నాలుగు గళ్ల లెక్క

మా పెద్దేముల్‌లో గొర్రెల మంద వెంట తిరిగిన ఇంటి నుంచి యూనివర్సిటీ దాకా వెళ్లినవాడు అంజిలయ్య ఒక్కడే. పోలీసు చర్య నాటికి ఎనిమిదేళ్లవాడు. ఊరు ఊరంతా భయపడి తలుపులు బిగించుకుంటే, వీడు పలక పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడని వాళ్ల నాయన కిష్టప్ప పదిమందికీ చెప్పుకుని మురిసేవాడు. చదివి ఏం ఉద్ధరించాడని ఎవరైనా అడిగితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా పెద్దలు?

హైదరాబాదులో అర్థశాస్త్రం ఎం.ఏ. చేస్తుండగా వాడికి కొత్త పాఠం ఒకటి తగిలింది. ఒకరి ఎత్తు ఒకరికి తెలియనప్పుడు ఎవరు ఏం చేస్తారో, ఏం చేస్తే ఎవరికి లాభమో లెక్కగట్టే శాస్త్రమట. సెలవుల్లో వచ్చి నేల మీద నాలుగు గళ్లు గీసి మాకు చెప్పేవాడు.

"అష్టాచెమ్మకు గూడ కాలేజీ పెట్టిన్రా?" అని అందరం నవ్వాం.

వాడు నవ్వలేదు. "ఇద్దరు దొంగలను వేరువేరు గదులల్ల పెట్టిన్రనుకో. ఇద్దరు నోరు మూసుకుంటె కొన్నాళ్లు ఉంచి ఇడుస్తరు. ఒకడు ఎదుటోని మీద చెప్తె వాడు గా పొద్దే ఇంటికి, రెండోవాడు ఏండ్లకేండ్లు జైల్ల. ఇద్దరు చెప్తె ఇద్దరికి జైలే, గని జర తక్కువ. ఎదుటోడు ఏం జేసినా సరే, చెప్పెటోనికే లాభం" అన్నాడు. మాకు సగం అర్థమైంది, సగం కాలేదు.

పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో కిష్టప్ప, అతని బావమరిది శివయ్య ఇద్దరూ మందలు కలిపి తాండూరు వైపు తోలుకెళ్లారు. అడవిలో గొర్రెలు కనిపించాయని అడవిని కాసే జంగలాత్ జవాను ఒకడు వెంటపడ్డాడు. ఆ పరుగులో ముందు చూసుకోక పాత నాపరాళ్ల గనిలో పడ్డాడు. వీళ్లు తొంగిచూసేసరికే ప్రాణం పోయింది. ఎవరూ తొయ్యలేదు. కానీ గొర్రెలకాపరుల మాట ఎవరు నమ్ముతారు? మందలు మళ్లించుకుని వచ్చి బీరప్ప గుడిలో బండారు ముట్టి ఒట్టేసుకున్నారు. బండారంటే దేవుడి ముందుండే పసుపు. మా కురుమలకు దాన్ని మించిన ప్రమాణం లేదు. ఒకరి మీద ఒకరు చెప్పొద్దు, ఒకరి మాటకు ఇంకొకరు ఎదురు చెప్పొద్దు, అదీ వాళ్ల ఒట్టు.

వారం తిరక్కుండా ఇద్దరినీ పట్టుకుపోయారు. మాట కలుపుకుంటారని శివయ్యను వికారాబాదులో, కిష్టప్పను తాండూరులో పెట్టారు. కళ్లతో చూసినవాళ్లు ఎవరూ లేరు. పోలీసు అమీను ఇద్దరితోనూ ఒకటే మాట అన్నాడు. రెండోవాడే తోశాడని చెబితే నువ్వు సర్కారు గవాయివి, అంటే సాక్షివి, ఇంటికి పోవచ్చు.

కబురంది అంజిలయ్య రైలెక్కి తాండూరు వచ్చాడు. కటకటాలకు అవతల తండ్రి, ఇవతల కొడుకు.

"నాయనా, చెప్పెయ్యి."

"ఏం చెప్పాల్రా? శివయ్య తొయ్యలే."

"తొయ్యలేదని నాకెరుకే. మామ గక్కడ నీ మీద చెప్పిండనుకో, నువ్వు నోరు మూసుకుంటె నీ పని ఖతం. మామ చెప్పకున్నా, నువ్వు చెప్తె ఇయ్యాలనే ఇంటికొస్తవు. ఎట్ల జూసినా చెప్పుడే నయం."

"బండారు ముట్టినం కొడుకా."

"మామకు చిన్నపిల్లలు. వాళ్ల మొఖం యాదికొస్తె ఎన్ని దినాలు ఆగుతడు?"

కిష్టప్ప కటకటాలు పట్టుకుని కొడుకు ముఖంలోకి చూశాడు. వేలిముద్ర తప్ప ఏమీ రాని మనిషికి బీరప్ప తర్వాత కొడుకు చదువే దేవుడు. "సదివినోనివి, నీకెరుక" అన్నాడు. ఆ సాయంత్రమే శివయ్య తోశాడని చెప్పేశాడు. వికారాబాదులో శివయ్య మాత్రం ఎంత కొట్టినా నోరు విప్పలేదు.

సంగతి తెలిసి శివయ్య భార్య బుగ్గమ్మ వచ్చి వాళ్ల గడప బయటే నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు.

"రైలు వికారాబాదుల ఆగుతది గద కొడుకా. దిగి మీ మామను ఒక్క మాట అడగకపోతివా? పానం పోయినా చెప్పనని నాతోని అన్నడు. నీతోని గూడ అంటుండె."

అంజిలయ్య తల వంచుకుని, "గా లెక్కల ఇద్దరికి మాట్లాడుకునే తొవ్వ ఉండదత్తా" అన్నాడు.

పక్కనే ఉన్న నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. తొవ్వ వాడే కదా! వికారాబాదులో రైలు ఆగినంతసేపూ కిటికీ పక్కన కూర్చుని మనసులో గళ్లు గీసుకున్నాడట. ఆ మాట తర్వాత వాడే నాకు చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు.

ఊరంతా కలిసి శివయ్యకు వకీలును పెట్టాం. తన బావ చెప్పింది అబద్ధమని శివయ్య ఒక్కసారి అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు వకీలు. కిష్టప్ప సాక్ష్యం ముగిశాక, ఇది నిజమేనా అని జడ్జి శివయ్యను అడిగాడు.

"మా బావ మాటకు నేను ఎదురు చెప్ప దొరా" అన్నాడు శివయ్య. "బండారు ముట్టిన."

జడ్జి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే మాట. వకీలు తల పట్టుకున్నాడు. కిష్టప్ప లేచి "అబద్ధం చెప్పిన, నేనే అబద్ధం చెప్పిన" అని అరిస్తే జవాన్లు బయటికి లాక్కెళ్లారు. చుట్టాన్ని కాపాడటానికి మాట మారుస్తున్నాడని కొట్టిపారేశారు. శివయ్యకు యావజ్జీవం పడింది. రెండేళ్లకు జైల్లోనే జ్వరం వచ్చి పోయాడు.

కిష్టప్పను కులం వెలివేయలేదు. ఆయనే గుడి మెట్లెక్కడం మానేశాడు. అంజిలయ్య ఎం.ఏ. ఫస్టు క్లాసులో పాసయ్యాడు, లెక్చరర్ ఉద్యోగానికి పిలుపు వచ్చినా పోలేదు. శివయ్య మందను కాసే దిక్కులేక బుగ్గమ్మ అమ్మబోతుంటే, అడగకుండానే గొంగడి భుజాన వేసుకుని తోలుకెళ్లాడు. ఇప్పటికీ తోలుతున్నాడు. మంద దొడ్డికి చేరాక బుగ్గమ్మ వాడికి జొన్నరొట్టె, ఇంత కూర పెడుతుంది. మాట మాత్రం ఒక్కటీ మాట్లాడదు.