కోళ్ళ గూట్లో గంజాయి

హంబోల్ట్ కొండల్లో గంజాయి పండించడం రానివాడంటూ ఎవడూ లేడు. ఆరబెట్టడం మాత్రం అందరివల్లా కాదు. ఆ విద్యలో హార్లన్ డాబ్స్‌ను మించినవాడు లేడని కొండ మీద అందరికీ తెలుసు, కానీ పైకి అనేవాళ్ళు కాదు. అంటే పోలీసులు పట్టుకుపోరూ! ఏళ్ళ తరబడి ఆయన సరుకును ఎవరెవరో కొనేవాళ్ళ దగ్గర తమదని చెప్పుకుని మీసాలు మెలేశారు. ఇప్పుడు చట్టం మారింది. పెరట్లో నాలుగైదు మొక్కలు వేసుకుంటే అడిగే నాథుడు లేడు. పైగా కోతలయ్యాక జరిగే సంతలో ఎవరి గంజాయి మేలో తేల్చే పోటీ కూడా పెట్టారు. డెబ్బై దాటిన హార్లన్‌కు ఒకటే కోరిక: తన గంజాయికి తన పేరే మైకులో, పదిమందీ వినేలా చదవాలి.

అందుకే ఈసారి సామానుల గదిని పురిటిగదిలా చూసుకున్నాడు. కోసిన కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, తేమ కొలిచే మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సముద్రం మీది పొగమంచు లోపలికొస్తే మొగ్గకు బూజు పడుతుంది. తూర్పుగాలి కొడితే పైన పెళుసెక్కి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ముల్లు అరవై దగ్గర నిలబడాలి. కాస్త కదిలితే చాలు, ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు.

"నా కాన్పప్పుడు కూడా పక్కన ఇంతసేపు కూర్చోలేదు నువ్వు," అంది భార్య నెడ్రా.

"నీకు బూజు పట్టదుగా!" అన్నాడు.

కాడ ఇంకా వంగుతోంది, పూర్తిగా ఆరలేదన్నమాట. టప్పున విరిగిన రోజున సీసాల్లోకి ఎత్తాలి. నెడ్రా ఊళ్ళోకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, కొండ వెనక నుంచి హెలికాప్టర్ చప్పుడు వినిపించింది.

ఇక చూడండి ఆయన అవస్థ! పూర్వం పోలీసులు అలాగే పైనుంచి వచ్చి తోటలు నరికేవారు. ఆ చప్పుడు వింటే అక్కడివాళ్ళకు బుర్రకంటే ముందు కాళ్ళు లేస్తాయి. హార్లన్ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి, కొమ్మలన్నీ పీకి గోనెసంచిలో కుక్కి, కోళ్ళ గూట్లో తడిగడ్డి కింద దూర్చి, దాని మీద తాను కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

నెడ్రా తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఏంటయ్యా, గుడ్డు పెడుతున్నావా?"

"హెలికాప్టరే! వాళ్ళొచ్చారే!"

"ఎవరొచ్చారు? కరెంటు వాళ్ళు తీగలు చూసుకోడానికి వచ్చారట, ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్నారు. అయ్యో నీ తెలివి తెల్లారా, గంజాయి ఏదీ?"

సంచి తీసి నొక్కి చూశాడు. మొగ్గలు మెత్తబడి చేతికి చెమ్మ తగిలింది. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, తిరగవూ మరి?

"ఏడుపు తర్వాత, ముందు ఈ తాడు కొస పట్టు," అంది నెడ్రా.

మళ్ళీ వేలాడదీశారు. గాలి నేరుగా తగలకుండా ఫ్యాను గోడవైపు తిప్పి పెట్టారు. కాడ విరిగాక సీసాలు నింపి, లోపలి చెమ్మ పోయేలా రోజూ కాసేపు మూత తీసి మళ్ళీ బిగించారు. అక్కడివాళ్ళు దీన్ని సీసాకు తేన్పు తెప్పించడం అంటారు. బూజైతే పట్టలేదు గానీ, మూత తీసినప్పుడల్లా నిమ్మతొక్క వాసన వెనకే కోళ్ళ గూడు కూడా సన్నగా తగిలేది.

"ఇది పట్టుకెళ్తే నవ్విపోతారే."

"నవ్వితే నవ్వనీ. నీ పేరైతే చదువుతారుగా. పద!"

సంతలో పట్నం కుర్రాడొకడు న్యాయనిర్ణేత. హార్లన్ సీసా వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ చూశాడు. "అబ్బ, ఇందులో ఏదో పల్లెదనం ఉందండీ! ఇదెలా తెచ్చారో!" అన్నాడు. నెడ్రా దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకుంది.

మూడో బహుమతి వచ్చింది. మైకు గరగరమంది. "గంజాయి పండించిన హార్లన్ డాబ్స్ గారు ఎక్కడున్నారు?"

అందరూ తలలు తిప్పారు. హార్లన్ కుర్చీలో కిందికి జారాడు. "ఆ పేరుగలవాడు ఈ చుట్టుపక్కల లేడండీ," అనేశాడు గట్టిగా, పోలీసులకు చెప్పి చెప్పి అలవాటైన మాట.

కుర్రకారు గొల్లున నవ్వింది. కొండ మీది ముసలివాళ్ళు మాత్రం నవ్వలేదు, టోపీలు కిందికి లాక్కున్నారు.

నెడ్రా లేచింది. "ఈయనేనండీ! నా మొగుడే! పండించిందీ ఈయనే, ఆరబెట్టిందీ ఈయనే. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని చచ్చాను!"

హార్లన్ మెల్లగా నిలబడి, పట్టుబడ్డవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. జనం అది సంతోషమనుకుని చప్పట్లు కొట్టారు. కాసేపటికి అది నిజంగానే సంతోషమైంది.