పిడికిట్లో చింతగింజలు

మా సేఫ్టీ సార్ ఇక లేరు. మొన్న గడ్డపోతారంలో మా మందుల ఫ్యాక్టరీ రియాక్టర్ పేలి, మంటల్లో కాలిపోయారు. ఇంటివాళ్లు వేలి ఉంగరం చూసి గుర్తుపట్టారు. ఇది రాస్తుంటే నాకు ఏడుపుకంటే కోపమే ఎక్కువ వస్తోంది.

ప్రమాదం ఉన్న ఏ బ్యాచ్‌కైనా ముందు సార్ మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి తలా పది చింతగింజలు పంచేవారు. "ఇది బెడిసికొడ్తదని పదిల ఎన్ని పాళ్లు అనిపిస్తే గన్ని గింజలు పిడికిట్ల పెట్టుండ్రి. పక్కోని మొహం సూడొద్దు." అందరం ఒక్కసారే పిడికిలి తెరవాలి. అందరికంటే ఎక్కువ పెట్టినవాడూ, తక్కువ పెట్టినవాడూ కారణం చెప్పాలి. విన్నాక మళ్లీ పిడికిళ్లు.

ఎవరి అంచనా ఎన్నిసార్లు తప్పిందో ఆయనకు బాగా గుర్తు. "బేటా, నువ్వు రెండు గింజలు పెట్టినప్పుడు సగంసార్లు గడబిడ అయితున్నది. ఇగ నీ రెండంటే నాకు ఐదే" అని ఏడిపించేవారు. ఉడుక్కునేవాణ్ని. నా ధీమాను నేనే అనుమానించడం మాత్రం అలాగే నేర్చుకున్నాను. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

ఆ రోజు రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్ల పంపు ఆగి ఆగి నడుస్తోంది. అది పూర్తిగా ఆగితే లోపలి వేడి ఎవరి చేతుల్లోనూ ఉండదు. సార్ గింజలు పంచుతుండగా మేనేజర్ వచ్చి, "నాది సున్నా. ఏం కాదు, కానియ్యండి" అన్నాడు. పిడికిళ్లు తెరిస్తే మా చేతుల్లో ఒకటీ అరా. సార్ చేతిలో ఎనిమిది.

"మీరు పంపును సూసి పెట్టలే, సాబ్ నోరు సూసి పెట్టిండ్రు. ఇది చెల్లదు. మళ్ల పెట్టుండ్రి" అన్నారు సార్.

మేనేజర్ వినలేదు. మాచేత రసాయనాల బ్యాచ్ రియాక్టర్‌లోకి ఎక్కించాడు.

పంపు ఆగిపోయింది. సార్ మమ్మల్ని మెడలు పట్టి బయటికి గెంటారు. పై అంతస్తులో ఇద్దరు బిహార్ కూలీలు ఉన్నారని తిరిగి లోపలికి పరుగెత్తారు. వాళ్లు మెట్లు దిగి బయటపడ్డారు. ఆయన వాళ్ల వెనకే, ఇంకా లోపలే ఉన్నారు. రియాక్టర్ మూత పైకప్పును చీల్చుకుని ఎగిరింది. రేకులు కత్తుల్లా మా మీద పడ్డాయి. నా చెవుల్లోంచి రక్తం కారింది.

సంగారెడ్డి ఖబ్రస్తాన్‌లో సార్‌కు మట్టి వేయడానికి సమాధి చుట్టూ నిలబడ్డాం. మేనేజర్ కూడా వచ్చాడు. అందరికంటే ముందు పిడికెడు మట్టి తీసి చెయ్యి చాపాడు. మా ఆపరేటర్ ఆ మణికట్టును పట్టుకుని, ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా వెనక్కి మెలితిప్పాడు.

"ఈడన్న నువ్వు ముందు తెర్వకు."

తర్వాత అందరం మట్టి తీసుకున్నాం. పక్కవాడి మొహం చూడకుండా, ఒక్కసారే పిడికిళ్లు తెరిచాం.